కోడిపుంజుకు ప్రవేశం లేదు

సరస్సు ఒడ్డున కిసుము ఊరి చుట్టుపక్కల ప్లాట్లు అమ్మేవాణ్ణి నేను. స్థలం కొనడానికి వచ్చేవాళ్ళు ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, పట్టా ఎవరి పేరున ఉంది, మతాతు వ్యాను ఎంత దూరంలో ఆగుతుంది, వానలు ముదిరితే సరస్సు గుమ్మందాకా వస్తుందా. ఆడవాళ్ళు స్కూలెక్కడ అంటారు, మగవాళ్ళు బారెక్కడ అంటారు, పాస్టర్లు రెండూ అడుగుతారు. రిస్పర్ అపొండి మాత్రం నా ప్రోబాక్స్ కారెక్కి సీటు బెల్టు పెట్టుకోకముందే వేరే ప్రశ్న వేసింది.

"ఇప్పుడు చూపించబోయే చోట గేటు ఎవరు పెట్టారు తమ్ముడూ?"

"ఎవరి ప్లాటుకి వాళ్ళే పెట్టుకుంటారక్కా. మీ ఇష్టమైన గేటు, మీ ఇష్టమైన రంగు."

"నా ఇష్టం అక్కర్లేదు. ఇంకెవడో పెట్టేసి ఉండాలి."

పొద్దున్నే ఇదేం బేరంరా దేవుడా అనుకున్నాను. ఇల్లు కట్టుకోబోయే మనిషికి సొంత గేటు అక్కర్లేకపోవడం నేనెక్కడా వినలేదు. పైగా ఆవిడ ఎక్కిన క్షణం నుంచీ కారంతా ఎండుచేపల వాసన. ఒమెనా అనే చిన్న చేపల టోకు వ్యాపారం ఆవిడది. రేవులో పడవల దగ్గర కొని, ఎండబెట్టి, లారీల్లో నైరోబీకి పంపిస్తుంది. నేను అద్దం దించడం చూసి నవ్వింది.

"వాసనొస్తోందా? రానీ. నా ఇద్దరు కూతుళ్ళనీ కాలేజీదాకా లాక్కొచ్చింది ఈ వాసనే."

ఆవిడ పుట్టిల్లు గెమ్. మెట్టినిల్లు ఉయోమా. మా లువో తెగలో కోడలిని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తాం కాబట్టి, మార్కెట్లో అందరికీ ఆవిడ గెమ్ అక్క. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. భర్త మెషాక్ ఒచోలా లాంచీల మెకానిక్కు. ఆయన పోయి చాలా కాలమైంది. ఉయోమాలో సొంత ఇంటి పక్కనే పూడ్చారు, మాలో అందర్నీ పూడ్చినట్టే.

గేటు గొడవేమిటో కిబోస్ రోడ్డు మీదికెక్కాక చెప్పింది.

మాలో ఇల్లు వేరు, దలా వేరు. టౌన్లో అద్దెకుండేది ఇల్లు. దానికి ఎవడూ అడ్డం చెప్పడు. సొంత నేల మీద కట్టుకుని, కంచె వేసి, గేటు పెట్టుకుంటే అది దలా. దలా వేయాలంటే మగాడుండాలి. వాడు చంకలో కోడిపుంజు, భుజాన గొడ్డలి పెట్టుకుని ముందు నడవాలి. ఆడది నిప్పు పట్టుకుని వెనకాల రావాలి. మొదటి గుంజ వాడు పాతాలి, ఆ రాత్రి ఇద్దరూ అక్కడే పడుకోవాలి, తెల్లారి పుంజు అక్కడ కూయాలి. భర్త పోయినదానికైతే భర్త వంశంలోంచి ఒక మగాడు వచ్చి ఆ స్థానంలో నిలబడతాడు. నిలబడటమంటే ఏమిటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. గెమ్ అక్క విషయంలో ఆ మగాడు మెషాక్ తమ్ముడు జాషన్. ఆవిడ వద్దంది. వద్దన్న రోజు నుంచీ ఉయోమాలో ఆవిడ ఇంటికప్పు మీద రేకు మార్చడానిక్కూడా వీల్లేదు. వానొస్తే మంచం మీదే కురుస్తుందట.

"నాకు ఇంకో మగాడు వద్దు తమ్ముడూ. మెషాక్‌తో చక్కగా కాపురం చేశాను. అది అయిపోయింది. మొదటి గుంజ పాతే పని లేని చోటు చూపించు. గేటు, కంచె, పునాది అన్నీ పైవాళ్ళెవరో వేసేయాలి. అప్పుడది దలా కాదు, టౌన్లో అద్దె కొంపలాంటిదే. జాషన్ వచ్చి నిలబడ్డానికి అక్కడేమీ మిగలకూడదు."

"సొంతిల్లయ్యుండీ సొంతం కాకుండా ఉండాలంటారు."

"అదే. బుర్రున్నవాడివే."

నాకు ఇందులో ఏ పక్షమూ లేదు. ఆచారాలు మా పెద్దవాళ్ళు చూసుకుంటారు, నేను ప్లాట్లు చూసుకుంటాను. ఆవిడ వెతుకుతున్నదేమిటో తెలిసింది కదా, పని తేలికైపోతుందనుకున్నాను.

కిబోస్ రోడ్డులో చెరుకు తోటలు కొట్టేసి వేసిన లేఅవుట్ అది. నా దగ్గర బాగా అమ్ముడుపోయేది అదే. రోడ్లు వెడల్పు, కరెంటు స్తంభాలు వచ్చేశాయి. ఒక్కొక్కడూ ఇల్లు లేవకముందే గేటు లేపేశాడు. ఒకడి గేటు మీద సింహాలు, ఇంకొకడిది సరస్సు చేపలు, ఒకాయనది ఏకంగా పరలోక ద్వారమే, దేవదూతలతో సహా. గోడల్లేని బయళ్ళలో ఆ గేట్లు నిలబడి ఉంటే మామూలుగా కొనేవాళ్ళకి ఉత్సాహం వస్తుంది. గెమ్ అక్క కారు దిగనే లేదు.

"బండి తిప్పు."

"కాలైనా కింద పెట్టలేదేంటక్కా! ఇంత దూరం వచ్చి!"

"పెడితే రేపు ఉయోమాలో నేను దలాకి స్థలం చూసుకున్నానంటారు. తిప్పవయ్యా."

తిప్పాను. పెట్రోలు నాది, ఎండ నాది, ఆవిడకేం.

రెండోసారి బయల్దేరేసరికి కారు పక్కన జాషన్ నిలబడి ఉన్నాడు. ఎలా తెలిసిందో ఏమో తెలిసిపోయింది. పడవలు చేసే వడ్రంగి ఆయన. పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. పెత్తనం చేయడానికొచ్చిన మరిది అంటే నేను ఇంకోలా ఊహించుకున్నాను. తలుపు తీసి ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనకాల మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు.

"పిలవకుండా వచ్చానని కోపమా వదినా?"

"కోపమెందుకు? కారు ఏజెంటుది."

రియాత్ కొండవాలు మీద కొత్తగా వేసిన లేఅవుట్‌కి తీసుకెళ్ళాను. చుట్టూ కంపెనీ కంచె ఉంది, పెద్ద గేటు కంపెనీదే. గెమ్ అక్కకి కావలసింది ఇదేనని నా ధీమా. కింద సరస్సు మొత్తం కనిపిస్తుంది. జాషన్ దిగి గాలి పీల్చుకున్నాడు. ప్లాటు నాలుగు మూలలా నడిచాడు, మట్టి తీసి అరచేతిలో నలిపాడు, కొండకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"చాలా బాగుంది వదినా. నీ ఇల్లు ఇక్కడ. లోపలి గేటు ఇదిగో, ఇటు, సరస్సు వైపు. అన్నయ్య ఉంటే ఇదే చెప్పేవాడు."

"లోపలి గేటేంటి?" అంది ఆవిడ నా వైపు తిరిగి.

లేఅవుట్ సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. బయటి కంచె కంపెనీది. లోపల ఎవరి ప్లాటుకి వాళ్ళు ఏ కంచె అయినా వేసుకోవచ్చు, ఏ గేటైనా పెట్టుకోవచ్చు. మొక్కలు, కూరగాయలు, కోళ్ళు కూడా.

"కోళ్ళు కూడానా?"

"పది దాకా పెంచుకోవచ్చు మేడమ్!"

"పదా! అంత దయ దేనికయ్యా మీకు?" అని ఆవిడ విసవిసా వెళ్ళి కార్లో కూర్చుంది. సూపర్‌వైజరు బిక్కమొహం వేశాడు. కోళ్ళ గురించి ఎవరికైనా కోపమొస్తుందని పాపం అతనికేం తెలుసు.

దారిలో సరస్సు ఒడ్డున వేయించిన ఎన్గెగె చేప, మొక్కజొన్న పిండి ఉగాలీ తిన్నాం. ముగ్గురికీ ఒకటే పళ్ళెం. మరిదీ వదినా ముళ్ళు తీసుకుంటూ పోట్లాడుకున్నారు. అరుపుల్లేవు, చేప చల్లారకూడదు కదా.

"నాకిది సరదా అనుకుంటున్నావా వదినా?" అన్నాడు జాషన్. "ఉన్న ఒక్క పెళ్ళాంతోనే వేగలేక చస్తున్నాను. ఆవిడే నన్ను తోస్తోంది. వెళ్ళు, వదిన ఇల్లు నిలబెట్టు, లేకపోతే చీరా తగిలేది ఆడపిల్లలకి అని."

చీరా అంటే మాలో ఆచారం తప్పినవాళ్ళకి పట్టుకునే రోగం. మనిషి ఎండిపోతాడు, పిల్లలు ఒక్కొక్కళ్ళే రాలిపోతారు. చదువుకున్నవాళ్ళం నవ్వుతాం. నవ్వి ఇంటికెళ్ళి పిల్లల నుదురు మీద చెయ్యి పెట్టి చూసుకుంటాం.

"నా కూతుళ్ళకి జ్వరమొస్తే నేను ఆసుపత్రికి తీసుకెళ్తాను."

"అన్ని జ్వరాలూ ఆసుపత్రికి లొంగవు."

"జాషన్, నువ్వు మంచివాడివి. నీకంటే తాగుబోతు మరిదైనా బాగుండేది, చీపురు తిరగేసి పంపించేదాన్ని."

ఆయన నవ్వి తల భాగం తుంచి ఆవిడ వైపు పెట్టాడు. "తిను. తలంటే నీకిష్టం కదా." ఆవిడ తినేసింది. నేను ఉగాలీ ముద్ద చేసుకుంటూ, వీళ్ళిద్దరి మధ్యా నా కమీషన్ గల్లంతయ్యేలా ఉందే అని బెంగపడ్డాను.

మూడో చోటికి ఆవిడా నేనే వెళ్ళాం. ఊరికి పడమట, విమానాశ్రయం దాటాక, పెలికన్ కోర్ట్. నిజం చెప్పాలంటే ఆ కాలనీ నాకు నచ్చదు. ఎవర్ని తీసుకెళ్ళినా మొహం మాడ్చుకుని తిరిగొస్తారు. అక్కడ మనం ఇల్లు కట్టుకోం, వాళ్ళు కట్టిస్తారు. రెండే నమూనాలు, రెండే రంగులు, అందులో ఒకటి అయిపోయింది. లోపల గోడల్లేవు, గేట్లు లేవు. అందరికీ కలిపి ముందు ఒకటే అడ్డకర్ర, దాని పక్కన కాపలావాడు లోకిరు. ఎడారి వైపు తుర్కానా మనిషి. సొంత తల్లి వచ్చినా గుర్తింపు కార్డు చూపించమనే రకం.

మేనేజరు ముథేవు అని మచాకోస్ నుంచి వచ్చిన కాంబా తెగ ఆవిడ. మా ఆచారాలు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని నియమాలు చెప్పుకుంటూ పోయింది. బట్టలు బయట ఆరేయకూడదు. ఆరుబయట పొయ్యి పెట్టకూడదు. కంచె వేయకూడదు, గుంజ పాతకూడదు, చెట్టు కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. ఆవూ, మేకా, కోడీ, బాతూ ఏదీ లోపలికి రాకూడదు. పుంజు అసలే రాకూడదు, పొరుగువాళ్ళ నిద్ర చెడుతుంది.

గెమ్ అక్క వింటూ వింటూ ముందుకు జరిగింది. పెళ్ళి విందులో వడ్డన చూస్తున్న మనిషిలా ఉంది ఆవిడ మొహం. "ఇంకా? ఇంకా ఏం చేయకూడదు?"

ముథేవుకి ఇలాంటి కస్టమరు తగలడం అదే మొదటిసారి. ఉత్సాహంగా పేజీ తిప్పింది. "చేపలు ఎండబెట్టకూడదు. చేపల సరుకు ఇంట్లో నిల్వ చేయకూడదు."

నేను దగ్గాను. గెమ్ అక్క తన చేతి గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"ఒప్పుకుంటున్నా. రేవులోనే స్నానం చేసి వస్తాను."

"మేడమ్, సాధారణంగా జనం కొంచెం ఆలోచించుకుంటారు."

"నేను మీకంటే ముందే ఆలోచించుకున్నానమ్మా. పునాదికి మొదటి గునపం ఎవరు వేస్తారు?"

"కాంట్రాక్టరు. గుర్‌బచన్ సింగ్ గారని, కాలసింగా, తలపాగా ఆయన."

"ఆయనది ఏ వంశం?"

ముథేవు నా వైపు చూసింది. "అమృత్‌సర్ వైపు అనుకుంటానక్కా," అన్నాను. గెమ్ అక్క పగలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఉయోమా నుంచి అక్కడిదాకా వెళ్ళి ఎవడు అభ్యంతరం చెప్తాడో చెప్పనీ," అని సంతకం పెట్టేసింది.

ఇల్లు లేచినన్నాళ్ళూ ఆవిడ అటు తొంగి చూడలేదు. పెలికన్ కోర్ట్‌లో ఒక మర్యాద ఉంది. పునాది రోజున యజమాని చేతికి రిబ్బను కట్టిన పార ఇచ్చి ఫోటో తీస్తారు. రమ్మని కబురొస్తే, "ఆ పార నా చేతికి తాకిందంటే పని చెడినట్టే, నన్ను పిలవద్దని చెప్పు," అంది నాతో. పలకల రంగు ఎంచుకోమంటే మీ ఇష్టం అంది. వంటగదిలో గట్టు ఎత్తు ఎంతుండాలంటే ఎంత పెడితే అంత అంది. పొట్టి మనిషి. రేపు అందక అవస్థపడేది తనే. నేను ఫోన్లో ఫోటోలు పంపేవాణ్ణి. గోడలు లేచినప్పుడు, రేకులు పడినప్పుడు, కిటికీలకి అద్దాలు వేసినప్పుడు. ప్రతి ఫోటోకీ ఒకటే జవాబు. "అందులో నేను లేను కదా?"

ఒకసారి మాత్రం రాత్రి భోజనాల వేళ ఫోన్ చేసి, చాలాసేపు అటూఇటూ మాట్లాడి, చివరికి అడిగింది. "తమ్ముడూ, ముందు గదిలోకి పొద్దుటెండ వస్తుందా?"

"వస్తుందక్కా."

"సరే. నేనడిగానని వాళ్ళకి చెప్పకు."

ఆశ పడి కట్టుకునే ఇంట్లో ఒక్క మేకు మీద కూడా చెయ్యి వేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. జాలేసింది కూడా.

గృహప్రవేశం అనడానికి లేదు, ఆ మాటంటే ఆవిడ ఊరుకోదు. సామాను దింపుకునే రోజు అందాం. నా కార్లో గిన్నెలు, లారీలో మంచాలు. కూతుళ్ళిద్దరూ లోపల కర్టెన్లు తగిలిస్తున్నారు. నేను ముథేవుతో తాళాల లెక్క చూసుకుంటుంటే గేటు దగ్గర గలాటా వినిపించింది.

వెళ్ళి చూస్తే జాషన్. చంకలో ఎర్రటి కోడిపుంజు, కాళ్ళు కట్టేసి ఉంది. వెనకాల ఇద్దరు ఉయోమా పెద్దలు, అందులో ఒకాయన భుజాన గొడ్డలి. లోకిరు అడ్డకర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"మనుషులు రావచ్చు. కార్డులు చూపించి రావచ్చు. పుంజు రాకూడదు."

"ఇదేమీ కూరకి తెచ్చిన పుంజు కాదు బాబూ," అన్నాడు గొడ్డలాయన. "ఇది పని మీద వచ్చింది."

"పని మీదొస్తే పాస్ ఉండాలి."

"పుంజుకి పాసా? నువ్వు పుట్టిన ఊళ్ళో పుంజులు పాస్ పెట్టుకుని తిరుగుతాయా?"

"మా ఊళ్ళో ఒంటెలు తిరుగుతాయి. వాటికీ ఇక్కడ ప్రవేశం లేదు."

ముథేవు వచ్చింది. పెద్దాయన కోపం దిగమింగుకుని మర్యాదగా అడిగాడు. "ఏ రకంగా తెస్తే రానిస్తావు తల్లీ?"

"కోసి, ఈకలు పీకి, సంచిలో పెట్టి తెస్తే అభ్యంతరం లేదు."

"ఈకలు పీకిన పుంజు తెల్లారి కూస్తుందా అమ్మా?"

నాకు నవ్వాగలేదు. లారీ కూలీలు కూడా పడీపడీ నవ్వారు. అప్పటికి గెమ్ అక్క బయటికి వచ్చింది. నడిచొస్తూ ఉంటే ఆవిడ మొహంలో గెలుపు దాచుకుందామన్నా దాగడం లేదు. అడ్డకర్రకి ఇవతల ఆగింది.

"వచ్చావా జాషన్? నీళ్ళు తాగుతావా?"

"పుంజుని వీళ్ళ దగ్గర వదిలేసి వస్తాను వదినా," అన్నాడు జాషన్. పుంజునీ దాన్నుంచి రాలిన ఈకనీ పెద్దాయన చేతిలో పెట్టాడు. "గొడ్డలీ వద్దు, గుంజా వద్దు. నా కోటు ఒక్కటి నీ ముందు గదిలో మేకుకి తగిలిస్తాను. ఒక గంట కుర్చీలో కూర్చుంటాను, టీ తాగుతాను, కోటు అక్కడే వదిలేసి వెళ్ళిపోతాను. నీ మంచం దరిదాపులకి రాను. ఈ రోజుల్లో అలా కూడా ఒప్పుకుంటున్నారు. ఉయోమాలో పని అయిపోయిందనుకుంటారు. అక్కడ నీ ఇంటిమీద రేకులు మార్చేస్తాను."

పెద్దలిద్దరూ తలూపారు. నాకు న్యాయంగానే అనిపించింది. ఒప్పేసుకో అక్కా, ఒక కోటేగా, అనబోయాను కూడా.

"ఆ మేకు నేను కొట్టించింది కాదు," అంది గెమ్ అక్క. "ఈ ఇంట్లో ఏదీ నేను కొట్టించింది కాదు. ఎందుకో నీకు తెలుసు. ఇంత చేసి, పొద్దున్నే లేచి నీ కోటు మొహం చూడాలా? వచ్చినవాళ్ళు కోటు ఎవరిదంటే ఏం చెప్పను? నా మగాడి స్థానంలో వేలాడుతోందని చెప్పనా? మెషాక్ చొక్కా ఒకటి నా పెట్టెలో ఉంది. గోడకి తగిలించాలంటే అది తగిలిస్తాను."

"వదినా."

"వద్దయ్యా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను, ఇది మాత్రం వద్దు."

కూలీలు నవ్వడం మానేశారు. జాషన్ అడ్డకర్ర మీదికి వంగి, పెద్దలకి వినపడకుండా అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"నేను నిన్ను బెదిరించడం లేదు వదినా, దేవుడి తోడు. ఒక్క మాట చెప్పు. నువ్వు పోయాక నిన్నెక్కడికి తీసుకెళ్ళాలి? ఉయోమాలో నీ ఇల్లు ఇంకో వానాకాలం నిలబడదు. ఇల్లు లేని కోడలికి అక్కడ మట్టి ఇవ్వరు. నేనొక్కణ్ణే అడ్డుపడితే ఎవడు వింటాడు? అన్నయ్య పక్కన చోటు వదిలి పెట్టాం. నా చేత్తో గడ్డి పీకుతున్నాను అక్కడ. ఆ చోటు ఏం చేయను?"

ఆవిడ అడ్డకర్ర పట్టుకుంది. ఈ ప్రశ్న ఆవిడకి తట్టలేదంటే నేను నమ్మను. ఆయన నోటమ్మట వినడానికి సిద్ధంగా లేదు, అంతే. ముథేవు అర్థం కాక, ఏదో సాయం చేద్దామనుకుని, "లోపల సమాధులకి అనుమతి లేదు మేడమ్," అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

"గడ్డి పీకుతూ ఉండు," అంది గెమ్ అక్క చివరికి. "నేను రాలేనప్పుడు నువ్వే చూసుకోవాలి."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పుంజుని తీసుకుని, కాళ్ళ కట్టు విప్పి, మళ్ళీ చంకలో పెట్టుకుని మతాతు రోడ్డు వైపు నడిచాడు. పెద్దలు వెనకాలే వెళ్ళారు. గొడ్డలాయన వెళ్తూ వెళ్తూ ఆవిడ మీద ఏదో శాపనార్థం పెట్టాడు. జాషన్ వెనక్కి తిరిగి ఆయన్ని గట్టిగా కసిరాడు. జాషన్ అరవగా వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

ఆ సాయంత్రం గెమ్ అక్క కొత్త వంటగదిలో పీట వేసుకుని ఎక్కి టీ కాచింది. గట్టు ఎత్తయిపోయింది. నా పని అయిపోయింది, తాళాలు ఇచ్చేశాను, వచ్చేశాను.

తర్వాత కొన్ని వారాలకి మళ్ళీ ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఇంకో ప్లాటు చూడాలి. కారు తీసుకురా."

పెద్ద కూతురికేమో అనుకుని సంబరపడ్డాను. కాయితాలన్నీ సర్దుకుని వెళ్ళాను. ఆవిడ సబ్బు వాసనతో వచ్చి కూర్చుంది. ఎటు అంటే దారి తనే చెప్పింది. ఊరు దాటి కొండెక్కించి, పాత చర్చి వెనకాల ఆపమంది. అది శ్మశానం. మా వాళ్ళు అక్కడ ఎవర్నీ పూడ్చరు. దూరదేశాల నుంచి వచ్చి పోయినవాళ్ళని, నా అనేవాళ్ళు దొరకనివాళ్ళని పూడుస్తారు. నా చేతులు స్టీరింగు మీద ఉండిపోయాయి.

"దిగవయ్యా. ప్లాట్లు చూపించేవాడివి, ఇక్కడ కాలు రాదా?"

దిగాను. చర్చి ముసలాయన ఒకాయన తాళం తీసి లోపలికి తీసుకెళ్ళాడు. ఆవిడ వరసల మధ్య నెమ్మదిగా నడిచింది. ఈసారి ఎవరి గేటని అడగలేదు. కిందికి సరస్సు కనపడే చోట ఆగి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది. ఉయోమా అటే ఉంటుంది. ఎండ బాగుంటే నీళ్ళకి అవతల నల్లటి గీతలా కనిపిస్తుంది.

"ఇక్కడ," అంది. "పక్కపక్కన రెండు కావాలి."

"రెండోది ఎవరికమ్మా?"

"మా ఆయనకి."

"ఎక్కడున్నారాయన?"

"ఉయోమాలో. ఆయన ఇంటి పక్కనే పూడ్చారు."

"తవ్వి ఇక్కడికి తెస్తారా?" ముసలాయన గొంతు తగ్గించాడు. మాలో అలాంటి మాట పైకి కూడా అనరు.

"తేనివ్వరు. నేను తేను కూడా. ఆయన చోట ఆయన్ని ఉండనీయండి."

"మరి ఇది ఖాళీగానే ఉంటుంది కదమ్మా?"

"ఉండనీయండి."

ముసలాయన నా వైపు చూశాడు, ఈవిడకి మీరైనా చెప్పండి అన్నట్టు. నేను పక్కకి తిరిగాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఖాళీ చోటుకి కూడా ఒక పేరుండాలమ్మా, లేకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తారు, అన్నాడు.

"మెషాక్ ఒచోలా అని రాయండి," అంది గెమ్ అక్క. తర్వాత వంగి, ఆ రెండో చోట మొలిచిన గడ్డి పీకడం మొదలుపెట్టింది.